సముద్రములో ప్రయాణించువారి కొరకు

ఇప్పుడంటే ఫోనులో వేలు పెడితే మన మనిషి ఏ వీధిలో ఏ మలుపు దగ్గర ఉన్నాడో నీలం చుక్కతో సహా కనిపిస్తోంది. ఆ రోజుల్లో నాంపల్లి స్టేషన్లో బండెక్కించి చెయ్యి ఊపామంటే, మళ్ళీ ఒక కార్డు ముక్క వచ్చేదాకా ఆ మనిషి ఎక్కడున్నాడో దేవుడికీ తపాలావాళ్ళకీ తప్ప తెలిసేది కాదు. దానివల్ల కష్టాలున్నాయి, కాదనను. కానీ ఎవరికీ కనిపించకుండా పోవాలనుకున్నవాడికి మాత్రం అంతకన్నా మంచి రోజులు లేవు. తొంభైల నడిమిలో ఒకసారి నేను మూడు వారాలకు పైగా బంగాళాఖాతంలో ఉన్నాను. అంటే మా నాన్నా, మా చర్చి సంఘంలోని రెండు వందల మందీ నేనక్కడ ఉన్నాననే అనుకున్నారు. నేనేమో చాదర్‌ఘాట్‌లో మా మేనత్త ఇంట్లో చాప మీద కూర్చుని వెల్లుల్లి వొలుస్తున్నాను. ఇది ఎలా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, మొహమాటపడకండి.

మా నాన్న ఒంగోలు వైపు మనిషి. రైల్వే ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి, నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, స్టేషన్ వెనక సందులోనే ఇల్లు కిరాయికి తీసుకుని అక్కడే పాతుకుపోయాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆదివారాల్లో నాన్న మా సంఘానికి కార్యదర్శి. అంటే ఆరాధన చివర, ఆశీర్వాదానికి ముందు, లేచి నిలబడి ప్రకటనలు చదివే మనిషి. ముప్పయ్యేళ్ళు స్టేషన్ మైకు వింటూ బతికినందువల్ల ఆయన గొంతులోకి ఆ బాణీ వచ్చేసింది. "బుధవారం సాయంత్రం జరగవలసిన స్త్రీల కూటము ఒక గంట ఆలస్యముగా జరుగును. అసౌకర్యమునకు చింతించుచున్నాము" అని చదువుతుంటే, కొత్తవాళ్ళు ప్లాట్‌ఫారం నంబరు కూడా చెబుతాడేమోనని చూసేవాళ్ళు. మా సంఘంలో ప్రకటనల్లో పేరు రావడం పేపర్లో పేరు రావడం కన్నా గొప్ప. ఉద్యోగం వచ్చినవాడి పేరు, పెళ్ళి కుదిరినవాడి పేరు నాన్న నోట ఒకసారి వినబడితే, బయట చెప్పులు విడిచే చోట అరగంట సేపు కరచాలనాలు నడిచేవి. నా పేరు కూడా వచ్చేది. ఏటా మార్చిలో, "పరీక్షలు రాయుచున్న మన బిడ్డల కొరకు ప్రార్థించండి" అనే జాబితాలో. డిగ్రీలో ఎకనామిక్స్ ఒక్కటీ నన్ను వదలనంది. మొదటి ఏడాది నాన్న నా పేరు గట్టిగా చదివాడు. రెండో ఏడాది గబగబా చదివాడు. మూడో ఏడాది "మరియు ఇతరులు" అన్నాడు. ఆ ఇతరుల్లో నేనొక్కణ్ణే ఉన్నానని సంఘం మొత్తానికీ తెలుసు.

చదువు ఇలా ఏడుస్తుండగా అబిడ్స్‌లో ఒక జిరాక్స్ దుకాణంలో పనికి కుదిరాను. ఓనరు నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన్ని అందరూ జిరాక్సన్న అనే పిలిచేవాళ్ళు, అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా ఉన్నట్టు లేదు. నాకొక జబ్బు ఉండేది. కాపీకి వచ్చిన ప్రతి కాగితమూ చదివేవాణ్ణి. (ఎకనామిక్స్ పుస్తకం తప్ప ఏమిచ్చినా చదివేవాణ్ణని నాన్న అనేవాడు.) "నీకు మిషిన్ నడుపమని ఇచ్చిన్నా, చదువుకొమ్మని ఇచ్చిన్నా?" అని జిరాక్సన్న విసుక్కునేవాడు. ఆ జబ్బే నన్ను సముద్రంలో పడేసింది. ఒక మధ్యాహ్నం పొడుగాటి మనిషి ఒకాయన, తెల్లటి మీసాలూ ఎండకు కమిలిన ముఖమూ, వచ్చి ఒక కాగితం ఇచ్చి యాభై కాపీలు తియ్యమన్నారు. నేవీలో కమాండరుగా రిటైరయ్యారట. విశాఖపట్నంలో సొంతంగా చెక్కతో తెరచాప పడవ కట్టించుకున్నారట. వైజాగ్ నుంచి కాకినాడ, అక్కడినుంచి పోర్ట్ బ్లెయిర్, ఆపైన సింగపూర్, మళ్ళీ ఇంటికి, మొత్తం అయిదు నెలలు. స్వచ్ఛందంగా వచ్చే సిబ్బంది కావాలి. జీతం లేదు, తిండి ఉంది. అనుభవం అక్కర్లేదు, ధైర్యం కావాలి, ఈత రావాలి. యాభై కాపీలూ బయటికి వచ్చేలోపు ఆ కాగితాన్ని యాభై సార్లు చదివాను. యాభై ఒకటోది నాకోసం తీసుకున్నాను. అప్పటికి నేను సముద్రాన్ని చూసింది ఒకే ఒక్కసారి, అయిదేళ్ళప్పుడు, ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో, నాన్న భుజాల మీద కూర్చుని.

స్టేషన్ ఎదురుగా ఒక లాడ్జి గదిలో ఇంటర్వ్యూ. యాభై కాగితాలు పంచితే ముగ్గురం వచ్చాం. ఒకడు జీతం లేదన్న మాట అప్పుడే సరిగ్గా చదివి మెట్ల మీదినుంచే వెళ్ళిపోయాడు. రెండోవాడు, సింగపూర్‌లో దిగి అక్కడే ఉండిపోతే మీకేమైనా అభ్యంతరమా అని అడిగి బయటికి పంపబడ్డాడు. కమాండరు గారు శ్రీకాకుళం వైపు మనిషి. నా చేతికో తాడు ముక్క ఇచ్చి ఏదైనా ముడి వెయ్యమన్నారు. నాన్న పార్సిల్ మూటలకు వేసే ముడి వేశాను. ఆయన లాగి చూశారు, కాలు అడ్డంపెట్టి లాగి చూశారు. "ఏటిది, ఎవరు నేర్పారు?" అన్నారు. "మా నాన్న సార్, పార్సిల్ ఆఫీసు." "గట్టి ముడే. ఈత వచ్చునా?" మా ఇంట్లో అబద్ధం ఆడితే ఆ పూట అన్నం లేదు, అందుకని నిండు అబద్ధం ఆడడం నాకు అలవాటు కాలేదు. "నీళ్ళంటే భయం లేదు సార్. తలదాకా మునిగినవాణ్ణి" అన్నాను. అక్షరాలా నిజం. పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నప్పుడు. మా సంఘంలో నెత్తిన నీళ్ళు చల్లి ఊరుకోరు. వేదిక కింద సిమెంటు తొట్టి ఉంటుంది. నడుం లోతు నీళ్ళలోకి దింపి, చేతులు ఛాతీ మీద కట్టుకోమని, పాస్టరు గారు వీపు కింద చెయ్యి వేసి వెల్లకిలా ముంచి లేపుతారు. అంతా కలిపి మూడు సెకన్లు. కమాండరు గారు నా వినయానికి ముచ్చటపడి పేరు రాసుకున్నారు.

నాన్నకు చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. చివరికి అన్నం దగ్గర చెప్పాను. "పడవ మీద వెళ్తాను నాన్నా. అయిదు నెలలు. నన్ను ఎంచుకున్నారు." ఎంచుకున్నారు అన్న మాట దగ్గర ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఎంతమందిలోంచి?" అన్నాడు. "ముగ్గురిలోంచి." (మిగతా ఇద్దరి సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.) కాసేపు కలుపుతూ కూర్చుని, "ఈత రావాలేమో కదరా" అన్నాడు. "అడిగారు నాన్నా. చెప్పాను." ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. చారు పోసుకున్నాడు. "సరే, వెళ్ళిరా" అన్నాడు. ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడా అని ఆశ్చర్యపోయాను గానీ, ఇరవై మూడేళ్ళ వెధవని, ఆశ్చర్యపోవడంతోనే సరిపెట్టుకున్నాను.

తుఫానుల కాలం వెళ్ళాకే బయల్దేరాలన్నది కమాండరు గారి నియమం. అందుకని ప్రయాణం జనవరిలో పడింది. కొత్త సంవత్సరపు ఆరాధనలో నాన్న ప్రకటనలకు లేచాడు. కొత్త చొక్కా. నా పేరు ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడివిడిగా చదివాడు. "మన సంఘ బిడ్డ, నా కుమారుడు, సముద్ర మార్గమున దూరదేశ ప్రయాణమునకు ఎన్నికైనాడు. ప్రతి ఆదివారము అతని కొరకును, సముద్రములో ప్రయాణించువారందరి కొరకును ప్రార్థించండి" అన్నాడు. తర్వాత కాగితం తిప్పాడు, వెనక ఏమీ లేదు, మళ్ళీ ఇటు తిప్పాడు. ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, పక్కవాడు చూడకుండా దగ్గాను. ఆ గొంతులో నా పేరు అలా వినడం అదే మొదలు.

ఇక ఆగుతారా జనం. నాకు వీడ్కోలు కూటం పెట్టారు, దండ వేశారు. ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క కానుక. మూడు గొడుగులు, రెండు మంకీ క్యాపులు, సంఘంలో అందరికన్నా పెద్దావిడ మెదక్ అవ్వ ఇచ్చిన టార్చి లైటు, ఏడు సీసాల గోంగూర పచ్చడి వచ్చాయి. చాదర్‌ఘాట్ మేనత్త, నాన్నకు సొంత చెల్లెలు, పాతికేళ్ళు దవాఖానలో నర్సుగా చేసిన మనిషి, బిస్కెట్ల డబ్బా నిండా మాత్రలు నింపి, ఏది దేనికో చీటీలంటించి ఇచ్చింది. నాంపల్లి ప్లాట్‌ఫారం మీదికి సగం సంఘం వచ్చి, బండి కదిలేదాకా పాటలు పాడారు. టీసీ నా పక్కకొచ్చి, "ఎవరు పోయిన్రు?" అని మెల్లగా అడిగాడు. "నేనే పోతున్నానండీ" అన్నాను. నాన్న కిటికీ దగ్గర నిలబడి నా మూటకు తను వేసిన ముడినే మళ్ళీ మళ్ళీ బిగిస్తున్నాడు.

సముద్రం గురించి నేను చెప్పగలిగింది తక్కువ. ఎందుకంటే ఎక్కువ భాగం బకెట్టులోకి చూస్తూ గడిపాను. హార్బరు దాటాక మొదటి అల వచ్చింది, నేను బకెట్టు మీద పడ్డాను. అత్త డబ్బాలో వాంతుల చీటీ ఉన్న మాత్రలన్నీ మొదటి రోజే అయిపోయాయి. పడవలో కమాండరు గారితో కలిపి అయిదుగురం. మిగతా ముగ్గురూ భీమిలి జాలరిపేట వాళ్ళు, పుట్టడమే నీళ్ళలో పుట్టినవాళ్ళు. నన్ను చూసి జాలిపడ్డారే గానీ నవ్వలేదు, ఆ మాట చెప్పాలి. రెండో రోజు పొద్దున కాస్త నిలబడగలిగాను. గాలి తెరచాపలో నిండి పడవ ఒక పక్కకు వాలి చప్పుడు లేకుండా పోతోంది. కమాండరు గారు నన్ను పిలిచి చుక్కాని నా చేతికిచ్చి, "ఆ మబ్బు చూసి పట్టు" అన్నారు. అరగంట సేపు ఆ పడవను నేను నడిపాను. ఎకనామిక్స్ మూడుసార్లు తప్పినవాణ్ణి, జిరాక్స్ తీసేవాణ్ణి. ఆ అరగంట నా దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది.

కాకినాడ దగ్గర లంగరు వేశాం. నీళ్ళు నింపుకుని అటునుంచి అటే పోర్ట్ బ్లెయిర్. దాటడానికి ముందు ప్రతివాడూ నీళ్ళలోకి దూకి పడవ చుట్టూ ఒకసారి ఈది రావాలన్నారు కమాండరు గారు. జాలరిపేట వాళ్ళు ముగ్గురూ చేపల్లా తిరిగొచ్చారు. నా వంతు వచ్చింది. నాకు నీళ్ళలోకి వెళ్ళే పద్ధతి ఒక్కటే తెలుసు. పడవ అంచున వీపు తిప్పి నిలబడ్డాను. చేతులు ఛాతీ మీద కట్టుకున్నాను. కళ్ళు మూసుకుని వెల్లకిలా పడ్డాను. మూడు సెకన్లయింది. ఎవరూ లేపలేదు. ఆ తర్వాత నాకు గుర్తున్నది జుట్టు పట్టుకుని పైకి లాగుతున్న ఒక చెయ్యి మాత్రమే. పడవలో బోర్లా పడుకోబెట్టి నీళ్ళు కక్కించాక కమాండరు గారు అడిగారు. "తలదాకా మునిగానన్నావు కదయ్యా?" "మునిగాను సార్." "ఎక్కడ?" "మా గుళ్ళో సార్." "లోతెంత?" "నడుం దాకా." "పట్టుకున్నదెవరు?" "పాస్టరు గారు సార్."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. చాలాసేపు నా పక్కనే కూర్చుని, "నీ ముడి గట్టిదే తమ్ముడూ, నీ మనసూ గట్టిదే. కానీ మునిగితే లేపడానికి అక్కడ మీ పాస్టరు గారుండరు. ఇంటికెళ్ళు. ఈత నేర్చుకో. అప్పుడు రా" అన్నారు. గొడుగులూ మంకీ క్యాపులూ పచ్చడి సీసాలూ వాళ్ళకే ఇచ్చేశాను. ఒడ్డున నిలబడి చూస్తుంటే తెరచాప చిన్నదై, ఇంకా చిన్నదై, కనిపించకుండా పోయింది. నేనింక ఎక్కడికి పోను? రెండు వందల మంది దండ వేసి పంపారు. వారం కూడా కాలేదు. నాన్న ఎదుట నిలబడి, నాన్నా, నేను మళ్ళీ ఇతరుల్లో కలిసిపోయాను అని ఎలా చెప్పను?

నాంపల్లిలో దిగితే ప్లాట్‌ఫారం మీద కూలీ దగ్గర్నుంచి చాయ్ అమ్మేవాడి దాకా అందరూ నాన్న మనుషులే. అందుకని సికింద్రాబాదులో దిగిపోయి బస్సు పట్టుకుని చాదర్‌ఘాట్ చేరాను. అత్త ఒంటరిగా ఉండేది. ఆమె మాట ఒంగోలులో మొదలై హైదరాబాదులో ఆగుతుంది. తలుపు తీసి నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఏందిరా అబ్బాయ్, ఓడ ఇక్కడిదాకా వచ్చిందా? మూసీల గన్ని నీళ్ళెక్కడియి?" అంది. కాళ్ళ మీద పడినంత పని చేశాను. నాన్నకు చెప్పొద్దు, ఏదో ఒక దారి దొరికేదాకా ఉండనియ్యి అని బతిమాలాను. అత్త ఆలోచించి, "నేను అబద్ధమాడను. మీ నాన్న అడిగితే చెప్పేస్తా. అడగకపోతే నోరు తెరవను" అంది. కొడుకు బంగాళాఖాతంలో ఉన్నాడనుకునే మనిషి, చెల్లెల్ని పట్టుకుని వాడు మీ ఇంట్లో ఉన్నాడా అని ఎందుకడుగుతాడు? అలా మొదలైంది నా సముద్రయానం.

పగలంతా తలుపు గడియ వేసి వెల్లుల్లి వొలవడం, చింతపండు గింజలు తియ్యడం. ఆదివారం అత్త గుడికి వెళ్ళొచ్చి నా విశేషాలు నాకు చెప్పేది. నాన్న అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పెట్టి అమ్మే పాత పుస్తకాల్లో వెతికి బంగాళాఖాతం పటం ఒకటి కొని, గుడి వరండాలో తగిలించాడట. గంటకెన్ని మైళ్ళో లెక్కగట్టి రోజూ ఒక ఎర్ర గుండుసూది ముందుకు జరుపుతున్నాడట. "ఇయ్యాల నువ్వు సగం దూరంల ఉన్నవు" అనేది అత్త, చెప్పులు విప్పుతూ. "సండే స్కూలు పిల్లలు పడవలో స్నానాలగది ఎక్కడుంటదని అడిగిన్రు. మెదక్ అవ్వ నీ గురించి ప్రార్థన చేస్తూ ఏడ్చింది. ముక్కు చీదుకోను నా కొంగే ఇచ్చిన." నేను తలొంచుకుని వెల్లుల్లి వొలిచేవాణ్ణి. రెండో ఆదివారం, "పోర్ట్ బ్లెయిర్ దగ్గరపడ్డవు. కాస్త ఎండ తగలాల, మరీ తెల్లబడ్డవు" అని పెరట్లో కూర్చోబెట్టింది. నవ్వేవాళ్ళం. నవ్వి ఊరుకున్నాక ఆమె గిన్నెల దగ్గరికీ నేను వెల్లుల్లి దగ్గరికీ వెళ్ళిపోయేవాళ్ళం.

మూడో వారం గడిచాక రావలసిన కాలం కాకపోయినా ఒక వాయుగుండం బంగాళాఖాతంలో లేచింది. టీవీ వార్తల్లో తెల్లటి సుడి చూపించారు. కమాండరు గారూ, ఆ ముగ్గురూ గుర్తొచ్చారు. దారిలో గాలి పడిపోయి ఎంత ఆగారో ఏమో, ఎక్కడున్నారో నాకూ తెలియదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి కార్డు రాకపోయేసరికి, గాలి లేక ఆలస్యమవుతుందని నాన్న తన లెక్క రెండుసార్లు వెనక్కి జరిపాడట. ఇప్పుడు ఆ ఎర్ర సూది సరిగ్గా ఆ సుడి నడుమ ఉందట. గురువారం అత్త వచ్చి, "అన్నయ్య రెండు రోజుల సంది ఏం తింటలేడు. రేపు నీ కోసమని సంఘమంతా ఉపవాస ప్రార్థన" అంది. ఎప్పటిలా ఎగతాళి చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది, అదే భయమేసింది. శుక్రవారం పొద్దున తెల్లచీర కట్టుకుని గడపలో నిలబడి, "నీ కోసం ఉపవాసం ఉండనీకి పోతున్న. గిన్నెల అన్నమున్నది, పప్పున్నది, వేడి చేసుకుని తిను" అని వెళ్ళిపోయింది.

కంచం పెట్టుకున్నాను. ఒక ముద్ద కలిపాను. ఆ ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, పట్టపగలు వీధిలోకి వచ్చాను. బస్సు కోసం ఆగే ఓపిక లేక సుల్తాన్ బజార్ జనంలోంచి నడుచుకుంటూ, కొంత పరిగెత్తుకుంటూ అబిడ్స్ చేరాను. దుకాణం ముందు జిరాక్సన్న నన్ను చూసి చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేశాడు. "ఏందిరా, గప్పుడే సింగపూర్ పోయొచ్చినవా?" అన్నాడు ముందు. నా ముఖం చూసి గొంతు మార్చాడు. "మీ నాయన మూడు దినాల సంది గీడికే వస్తుండు. పేపర్ల ఏమొచ్చింది, రేడియోల ఏం జెప్పిన్రు అని అడుగుతుండు. పెద్దమనిషి గట్ల నిలబడితే నాకు చూడబుద్ధి కాలే. ఏం జేసినవో ఏమో, తర్వాత చెప్పు. జర జల్దీ పో."

గుడి తలుపు తీసే ఉంది. అందరూ చాపల మీద మోకరించి ఉన్నారు, అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. మాలో ప్రార్థన నడుస్తుండగా కళ్ళు తెరవడం పెద్ద తప్పు, పిల్లలు కూడా తెరవరు. అందుకని వెనకనుంచి నేను లోపలికి వచ్చింది ఎవరూ చూడలేదు. ముందు నాన్న ఒక్కడూ ప్రార్థిస్తున్నాడు. స్టేషన్ బాణీ లేదు. చదువుతున్నట్టు లేదు. అలాంటి గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు.

"ప్రభువా, వాడికి ఈత రాదు" అంటున్నాడు నాన్న. "నాకు తెలుసు. కొత్తపట్నంలో మోకాలి లోతు నీళ్ళకే నా మెడ పట్టుకుని వదల్లేదు. వాళ్ళకేదో చెప్పి వెళ్తున్నాడని ఆ రోజు అన్నం దగ్గరే అర్థమైంది నాకు. ఆపవలసింది. ఆపలేదు. వాడి పేరు ఒక్కసారి అందరి ముందూ గట్టిగా చదవాలని ఆశ పుట్టింది. ఆ ఆశ కోసం నా పిల్లవాణ్ణి నీళ్ళలోకి పంపాను. తప్పు నాది. వాడిది కాదు. వాడికి ఈత రాదు ప్రభువా."

అప్పుడు నాకు ఏమనిపించిందో రాయడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా మాటలు వెతుక్కోవాలి. సిగ్గనిపించింది. ఆ సిగ్గు కింద, ఇంత ప్రేమ ఉందా నా మీద అనిపించింది. "నాన్నా, నేనిక్కడే ఉన్నాను" అన్నాను. కళ్ళు మూసుకుని ఉన్నవాళ్ళు నాలుగు వైపుల నుంచీ "ఆమెన్" అన్నారు. ఇంకోసారి అన్నాను. ఇంకోసారి ఆమెన్ అన్నారు. మెదక్ అవ్వ ఒక్కతే, ఎనభై ఏళ్ళకు ఆ నియమాలన్నీ దాటేసినది, ఒక కన్ను తెరిచి చూసి, "అయ్యగారూ, జర కండ్లు తెరువుండ్రి. పిలగాడు వచ్చిండు" అంది.

నాన్న తిరిగి చూశాడు. లేవలేకపోయాడు, నేనే దగ్గరికి వెళ్ళి కూలబడ్డాను. ఆయన నా కాలరు పట్టుకుని చూశాడు, చొక్కా చేతులు తడిమి చూశాడు, జుట్టులో వేళ్ళు పెట్టి చూశాడు. "తడవలేదు" అన్నాడు. అదొక్కటే మాట, నాలుగైదు సార్లు. నేను అక్కడే, అందరి ముందూ, కాకినాడ నుంచి చాదర్‌ఘాట్ దాకా మొత్తం చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఎవరో నవ్వారు, ఎవరో ముక్కు చీదారు. నాన్న కళ్ళు తుడుచుకుని, "మిగతావాళ్ళేరి?" అని అడిగాడు. "వాళ్ళు సముద్రంలోనే ఉన్నారు నాన్నా." "ఎంతమంది?" "నలుగురు." "అయితే ఇంకా అయిపోలేదు. మోకరించు" అన్నాడు. ఆ మధ్యాహ్నమంతా ఆ నలుగురి కోసం ప్రార్థించాం. నా జీవితంలో నిజంగా చేసిన మొదటి ప్రార్థన అదేనేమో. మధ్యలో అత్త పక్కకు వంగి, కళ్ళు తెరవకుండానే, "అన్నం తిన్నావా?" అని గుసగుసగా అడిగింది. లేదన్నాను. "మంచిది. లెక్కలోకి వచ్చినవు" అంది.

ఆ ఆదివారం నాన్న ప్రకటనలకు లేచాడు. పాత చొక్కానే. "గత మూడు వారములుగా సముద్రములో ఉన్నాడని ప్రకటించబడిన నా కుమారుడు చాదర్‌ఘాట్‌లో ఉన్నట్లు తెలియవచ్చినది" అని చదివాడు, నా పేరు ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడివిడిగా. "అసౌకర్యమునకు చింతించుచున్నాను." గుడి పైకప్పు లేచిపోయేలా నవ్వారు. ముందు నవ్వింది నాన్నే. వరండాలో పటం మీదినుంచి ఎర్ర సూది తీసి హైదరాబాదు దగ్గర గుచ్చాడు. మిగతా నలుగురి కోసం నాలుగు పచ్చ సూదులు నీళ్ళలో పెట్టాడు.

పది రోజులకు పోర్ట్ బ్లెయిర్ ముద్రతో జిరాక్స్ దుకాణానికి కార్డు వచ్చింది. వాయుగుండం ఉత్తరానికి మళ్ళిందనీ, రెండు రోజులు తడిసి ముద్దయినా అందరూ క్షేమమనీ, వంట చేసే వీలు లేనప్పుడు ఏడు సీసాల గోంగూరే కాపాడిందనీ రాశారు కమాండరు గారు. కింద, ఈత మొదలుపెట్టావా అని. మొదలుపెట్టాను, ఆ వేసవిలోనే. కార్పొరేషన్ ఈత కొలనులో, నడుం లోతులో. గట్టు మీద నాన్న టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చునేవాడు. మళ్ళీ పడవ ఎక్కే యోగం మాత్రం రాలేదు. ఎకనామిక్స్ అయిదోసారికి వదిలిపెట్టింది.

నాన్న పోయి పదేళ్ళు దాటింది. ఇప్పుడు ప్రకటనలు చదివేది నేను. మార్చి జాబితా ఎంత పొడుగున్నా ప్రతి పేరూ ఇంటిపేరుతో చదువుతాను, ఇతరులు అనే మాట నా నోట రాదు. (పాస్టరు గారు గడియారం చూస్తారు, చూడనీండి.) నాన్న బతికినన్నాళ్ళూ ఏ ఆదివారమూ తప్పకుండా చదివిన ఆ వాక్యం కూడా చివర్లో చదువుతాను. సముద్రములో ప్రయాణించువారందరి కొరకు ప్రార్థించండి. సముద్రం మాకు ఒక రాత్రంతా రైలు దూరం. మొన్నామధ్య కొత్తగా చేరిన ఒకమ్మాయి చెప్పులు వేసుకుంటూ ఆగి, "అంకుల్, మన సంఘంలో షిప్పులో ఎవరున్నారు?" అని అడిగింది. పక్కనున్న పాతవాళ్ళు ముగ్గురు నావైపు చూసి నవ్వాపుకున్నారు. "ఇప్పుడెవరూ లేరమ్మా. అప్పట్లో ఒకడుండేవాడు" అన్నాను. "అయ్యో, క్షేమంగా వచ్చారా మరి?" అంది పాపం, నిజంగానే కంగారుపడుతూ.

"వచ్చాడమ్మా" అన్నాను. "తడవకుండా వచ్చాడు."